చివరి వరస

అక్కా, నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు. పని ఎప్పుడు మానేస్తావని అడిగావు. మొన్న ఒక పెద్దావిడ కళ్ళజోడుకు కుడి అద్దం ఎడమవైపు బిగించాను. దాంతో షాపు ఓనరు నన్నే కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీది అక్షరాల బోర్డు చదవమన్నాడు. చివరి వరసదాకా గడగడా చదివేశాను.

"నీ కళ్ళకేంటయ్యా, ఇంకో పదేళ్ళు ఢోకా లేదు" అన్నాడు.

నాకు ఆనింది పై రెండు వరసలే. ముప్పయ్యేళ్ళుగా అందరిచేతా చదివించిన బోర్డు, మిగతాది కంఠతా వచ్చు. అలిసిపోయానక్కా. కానీ కొత్త జోడు పెట్టుకున్నవాళ్ళు వీధిలోకి చూసి మురిసిపోతుంటే మానబుద్ధి కాదు.

బావగారి మోకాలినొప్పి తగ్గిందా? నా ఉన్ని దుప్పటి ఎవరిచేతైనా పంపు. పిల్లలకు ఆశీస్సులు.

ఈ కార్డు మాత్రం కంఠతా వచ్చి రాసింది కాదు. వరసలు వంకరపోయాయేమో చూసి, దాచకుండా రాయి. వంకరపోయుంటే పని మానేసి వచ్చేస్తాను.

తమ్ముడు