మన బావి, వాళ్ళ బావి

నారాయణఖేడ్, 1946 మే, ఆదివారం రాత్రి

కోపం ఇంకా చల్లారలేదు. ఇంటి మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకు కట్టిద్దామని నాయన వెంటపడ్డది నేనే. మురుగు గుంట తాగునీటి బావికి దూరంగా ఉండాలని కరపత్రం చదివి వినిపించిందీ నేనే. నాయన దాన్ని అక్షరాలా పాటించాడు! మా బావికి దూరంగా, పెరటి గోడ చివర గుంట తవ్విస్తున్నాడు. ఆ గోడకు అవతలే మాలవాడ బావి.

తవ్వే సాయిలుదీ ఆ వాడే. "గిది మీ బాయి పక్కనే గదా సాయిలూ, ఎట్ల తవ్వుతున్నవ్?" అన్నాను.

తల ఎత్తలేదు. "పటేలు ముగ్గు పోసిండు, తవ్వుతున్న. నేను చెప్తె ఇంటడా? నువ్వే చెప్పు చిన్నపటేలా."

చెప్పాను. నాయన నవ్వాడు. "నీ కాయితంల ఉన్నట్టే చేస్తున్న గదరా. బాయికి దూరమే ఉంది."

"వాళ్ళది బాయి కాదా?"

"వాళ్ళకేమైతది? అలవాటే."

రాత్రి అన్నం ముందు కూర్చుని నీళ్ళ చెంబు పక్కకు నెట్టాను. "అయితే రేపటి సంది నేను గా బాయి నీళ్ళే తాగుత."

అమ్మ ఏడుపు అందుకుంది. నాయన ముఖం నల్లబడింది. "సాయిలును పని బంద్ పెట్టమను. గుంట ఇంకో దిక్కు తవ్విస్త" అన్నాడు.

సాయిలు పిల్లలు తాగుతారంటే ఆగని గుంట, నేను తాగుతానంటే ఆగింది. ఇదీ నా గెలుపు! నాయన ముఖం చూడబుద్ధి కావడం లేదు.

గుంట ఆగినా సరే, పొద్దున సాయిలు వాళ్ళ బావి నీళ్ళే తాగుతాను.