గీత కింద రెండు చుక్కలు

ఏప్రిల్ 9, 2006, ఆదివారం. బాగేపల్లి

చింతామణి నుంచి మంజునాథ ఫోను. హైస్కూల్లో నా వెనక బెంచీ, ఇప్పుడు విత్తనాల అంగడి. మా బ్యాచ్ అంతా కలవాలట. మే పద్నాలుగున, మా హైస్కూల్లోనే. ఆహ్వానాలు నేను రాయాలట.

"కంప్యూటర్ కాగితం యెవురికి కావాలమ్మా? నీ చేత్తో రాస్తే అందురూ వస్తారు."

పొగిడితే పడిపోతానని వీడికి బాగా తెలుసు. సరే అన్నాను.

ఏప్రిల్ 11

పేర్ల పట్టీ వచ్చింది. రత్న పేరు లేదు. పదో తరగతి రిజిస్టర్ చూసి రాసుకున్నాడు మరి, ఎలా ఉంటుంది?

ఏప్రిల్ 12

రత్ననూ పిలుద్దామని మంజునాథతో అన్నాను.

"తొమ్మిదిలోనే బడి నిలిపేసింది గదా ఆయమ్మ. యెందుకు నిలిపేసిందో నీకేమన్నా తెలుసునా?"

తెలీదన్నాను. ఇరవై రెండేళ్ళ నాటి అబద్ధం. వెతుక్కోకుండానే వచ్చేసింది నోటికి.

ఏప్రిల్ 13

నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు. ఇంట్లో ఎవరూ లేరు. ఇక్కడైనా రాసేస్తాను.

తొమ్మిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డుల మీద అందరి నాన్నల సంతకాలూ నేనే పెట్టేదాన్ని. మార్కులు తగ్గినవాళ్ళంతా నా చుట్టూ చేరేవాళ్ళు. బెల్లం వేసి దంచిన చింతపండు ఉండ ఒకటి తెచ్చిస్తే చాలు, ఎవరి నాన్ననైనా అచ్చు దించేసేదాన్ని. రత్న అడగలేదు. ఆమెకు మార్కులు బాగానే వచ్చాయి. వాళ్ళ నాన్న ఊళ్ళో లేడు, కార్డు తెల్లారే ఇవ్వాలి. నేనే లాక్కుని పెట్టేశాను, ఉండ కూడా తీసుకోకుండా. నరసింహప్ప అని, కన్నడంలో, గుండ్రంగా. కింద పొడుగ్గా ఒక గీత. గీత కింద రెండు చుక్కలు. రత్న ఏదో చెప్పబోయింది. వింటేగా నేను!

ఆయనది హెబ్బెట్టు, వేలిముద్ర. మా నాన్న సంతకం పెడతాడు కాబట్టి లోకంలో నాన్నలంతా పెడతారనుకున్నాను.

లెక్కల సారు కార్డు ఎత్తి అందరికీ చూపించాడు. "పోయిన నెల దాకా హెబ్బెట్టు ఒత్తిన మనిషి, ఇంత ముద్దుగా రాసేకి యెప్పుడు నేర్చుకున్నాడో!" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఛీ.

రెండు రోజుల తర్వాత నరసింహప్పను పిలిపించారు. చెప్పులు బయట విడిచి, తలగుడ్డ చేతిలో పట్టుకుని వచ్చాడు. ఇది నీ సంతకమేనా అని సారు అడిగాడు. ఆయన కార్డు చూశాడు. కూతుర్ని చూశాడు.

"నాదే సామీ."

సారు సుద్దముక్క చేతికిచ్చాడు. "అయితే బోర్డు మీద రాయప్పా."

సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎంతసేపో.

మరుసటి సోమవారం నుంచి రత్న బడికి రాలేదు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు రెండో బెంచీలోనే ఉన్నాను నేను. లేచి చెప్పలేదు.

ఏప్రిల్ 16

కవర్లన్నీ రాయడం అయిపోయింది. పట్టీలో లేని పేరు ఒకటి ఎక్కువ రాశాను.

ఏప్రిల్ 23

రత్న వాళ్ళ ఊరు సోమేనహళ్ళి వెళ్ళొచ్చాను. రత్న వాకిట్లో చింతపండు కొడుతూ ఉంది. ముందు గుర్తుపట్టలేదు. తర్వాత—"యాడుంటివి సరళా ఇన్నేండ్లూ?"

కవరు ఇచ్చాను. చెప్పేశాను. ఆ రోజే లేచి, సంతకం నాదని చెప్పి ఉండాల్సింది అన్నాను.

"ఉండాల్సిందే" అంది. కొట్టడం ఆపలేదు.

తర్వాత తనే మొదలుపెట్టింది. "బడి నేనే వద్దంటి. మా నాయనను అట్ల నిలబెట్టిన చోటికి మళ్ళా పోలేకపోతిని."

ఆ కార్డు నరసింహప్ప దాచుకున్నాడట. దాన్ని చూసి పలక మీద దిద్దుకున్నాడట, ఏడాది పొడుగునా. ఇప్పుడు రేషన్ అంగట్లో, తాలూకా ఆఫీసులో, ఎక్కడైనా అదే సంతకం. గీతా, చుక్కలతో సహా. నాకు ఏడుపొచ్చింది. రత్నకు రాలేదు.

"ఆ సంతకం నేనే రాసిచ్చినానని అనుకుంటాండాడు ఆయప్ప. నా బిడ్డ నేర్పించింది అని ఊరంతా చెప్పుకుంటాండాడు. ఆయప్పకు మాత్రం చెప్పొద్దు. సారుకు చెప్పాల. క్లాసు ముందర చెప్పాల, దొంగ సంతకం రత్నది కాదు అని. అట్లయితేనే వస్తా."

ఒప్పుకున్నాను.

మే 7

లెక్కల సారును చిక్కబళ్ళాపురం నుంచి కారులో తీసుకొస్తున్నారట. చెప్పాల్సింది నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లు చించాను. పిల్లలకు కాపీ రాయించే టీచర్ని!

మే 14

రత్న వచ్చింది. వెనకే నరసింహప్ప. తెల్లపంచె, జేబులో పెన్ను.

ఆయన ముందర ఎలా చెప్పను? రత్న దగ్గరికొచ్చి మెల్లగా—"నేనూ వస్తా అనె. వద్దనేకి అయితుందా?"

సారు బాగా వంగిపోయాడు. చేతికర్ర. అప్పటి గదే, అప్పటి బోర్డే. మంజునాథ నన్ను పిలిచాడు: "సరళమ్మా, ఏమో మాట్లాడాల అంటివి గదా."

లేచాను. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి నరసింహప్ప గొంతు. "సామీ... ఒక సుద్దముక్క ఇస్తారా?"

బోర్డు దాకా నడిచాడు. రాత ఎక్కడా వణకలేదు. పేరు. గీత. రెండు చుక్కలు. పద్నాలుగేళ్ళప్పటి నా చేతిరాత.

సారు కర్ర పక్కన పెట్టి చేతులు జోడించాడు. "ఆ పొద్దు తప్పు చేసినానప్పా. యెవురు నేర్పించిరి?"

"మా రత్న సామీ. ఆ పొద్దు కార్డులో రాసింది కూడా నా బిడ్డే. మీరు దొంగతనం అంటిరి. నాకు అదే చదువైపోయె."

అందరూ చప్పట్లు. మంజునాథ కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేనింకా నిలబడే ఉన్నాను. రత్న నా వైపే చూస్తోంది. చెప్పమనా? వద్దనా? ఆ చూపు నాకు అర్థం కాలేదు.

కూర్చున్నాను.

మే 15

నిన్న రాయనిది ఒకటుంది. బస్టాండులో రత్ననూ, వాళ్ళ నాన్ననూ బస్సెక్కించాను. బస్సు కదిలేముందు రత్న కిటికీలోంచి నా చేతిలో చిన్న పొట్లం పెట్టింది. విప్పకుండానే తెలిసిపోయింది. బెల్లం వేసి దంచిన చింతపండు ఉండ. ఆ సంతకానికి నేను తీసుకోనిది.

సారుకొక్కడికైనా నిజం చెప్దామని, మధ్యాహ్నం మంజునాథను అడిగి ఆయన నంబరు రాసుకున్నాను. ఫోను పక్కనే ఉంది. పొట్లం కూడా.