బావ లోపలికొచ్చాడు

శుక్రవారం, పడుకునే ముందు

చర్చివాళ్ల ఉజ్జీవ కూడికలని ఈ వారం మీర్‌పేటలో ఇంటింటి ప్రార్థనలు. ఈరోజు ప్రార్థన జరిగే ఇంటి ముందు యాకోబు బావ మా అక్కను దింపి, ఎప్పటిలాగే ఆటోలోనే కూర్చున్నాడు. కొడుకు పోయినప్పటి నుంచి దేవుడితో మాటలు బంద్.

ఆటో తాళం లాక్కొని లోపలికి ఉరికి, జనం నడుమ కూలబడ్డాను. బావ వెంటపడ్డాడు. అందరూ కళ్లు మూసుకున్నారు, అరవలేడు.

"తాళమియ్యిరా, దొంగ!" అని చెవిలో గొణిగాడు.

"ప్రార్థన నడుస్తుంది బావా, జర కూసో."

కూర్చున్నాడు. అక్క ప్రార్థనలో కొడుకు పేరెత్తగానే భోరుమన్నాడు. ఆఖరికి "ప్రభువా" అన్నాడు. పాస్టరుగారి ప్రసంగాలకు కదలని మనిషి నా దొంగతనానికి కదిలాడు!

ఆమెన్ అయ్యాక తాళమిస్తే, "ఆగురా, ఇంకో పాట పాడనీ" అన్నాడు.

రేపు మళ్లీ మొండికేస్తాడేమో... వేయనీ. ఈరోజు మాత్రం అక్క పక్కన కూర్చుని, శ్రుతి తప్పి, గట్టిగా పాడాడు.