కాలర్ మీది కుట్టు

మా ఇంటి పంతులమ్మకు,

ఇక్కడ అమ్మ, పాప, నేను కులాసా. ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో నువ్వూ కులాసా అని రాద్దామనుకున్నాను గాని, నీ ఉత్తరం చూశాక చెయ్యి రాలేదు.

అడిగినవాటికి ముందు జవాబులు. పాపకి జ్వరం తగ్గింది. అమ్మ మాత్రలు వేసుకుంటోంది, నా మీద దయతలచి మింగుతున్నట్టు మొహం పెడుతోంది. షాపులో కుట్టు మిషన్‌కి కొత్త బెల్టు వేయించాను.

ఇక అసలు సంగతి. ఇరవయ్యో తారీకున మీ కాలేజీ పెద్దవాళ్ళు వెనక కూర్చుని చూస్తుండగా బడిపిల్లలకి పాఠం చెప్పాలని, అది ఎవరికీ అర్థం కాదని, చదువు మానేసి వచ్చేస్తానని రాశావు. "మీకైనా అర్థమవుతుందేమో చూడండి" అని పాఠం కాగితం జతచేశావు. 'ఇంగ్'తో ముగిసే ఇంగ్లీషు మాటల ముందు 'ఎ', 'ది' ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదన్న పాఠం.

షాపులో మిషన్ మీద పెట్టుకుని చదివాను. కుట్టుపని గురించి ఊరికే చెబితే ఉత్త స్టిచింగ్ చాలన్నావు. ఫలానా కాలర్ మీది కుట్టు అని వేలుపెట్టి చూపిస్తే ది స్టిచింగ్. ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగేది ఒక్కటుంటే, ఎ బిల్డింగ్. చేతిలో ఎవరిదో చొక్కా ఉంది. కాలర్ మీద వేలు పెట్టాను. ఇరవై ఏళ్ళుగా నేను కుడుతున్నదాన్ని నువ్వు అంత చిన్న మాటతో పట్టి చూపించావు. ఇంత తెలివైన మనిషితోనా నేను కూరలో ఉప్పు గురించి పోట్లాడింది అనిపించింది.

ఇంటికొచ్చి పాపకి చెప్పాను. కళ్ళార్పకుండా విని, "నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చింది నాన్నా?" అంది.

దానికి జవాబు ముందు నీకు చెప్పాలి. పెళ్ళిచూపుల్లో పది పాసయ్యానన్నది అబద్ధం. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ ఇంగ్లీషులోనే తప్పాను. పన్నెండేళ్ళుగా నువ్వు ఇంగ్లీషులో ఏది చదివి వినిపించినా తలూపాను. సిగ్గుతో చెప్పలేకపోయాను, క్షమించు.

నీ కాగితం వెనక ఉన్న పది ఖాళీలూ నేనే పూరించాను. ఎవర్నీ అడగలేదు. ఐదోది ముందు తప్పు రాసి కొట్టేశాను, ఆ కొట్టివేత నీకు కనబడాలని అలాగే ఉంచాను. దిద్దు. ఎనిమిదికి తగ్గితే పెట్టె సర్దుకుని వచ్చెయ్, బస్టాండుకి నేనే వస్తాను. ఎనిమిది వచ్చాయా, ఇరవయ్యో తారీకున బోర్డు ముందు నిలబడు. నా బుర్రకే ఎక్కించినదానివి, పిల్లలొక లెక్కా.

ఇట్లు,
నీ మొదటి విద్యార్థి,
పది తప్పిన మొగుడు