పబ్లికా, ప్రైవేటా

అత్లోన్, ఐర్లండ్, మంగళవారం

ఒళ్లు మండిపోతోంది. ప్యాకింగ్ లైన్లో నా పక్కన నిలబడే సుజాతక్కకు నెలల తరబడి విరేచనంలో రక్తం పడుతోందట. ఇవాళ క్యాంటీన్లో పెరుగన్నం కలుపుకుంటూ తీరిగ్గా చెప్పింది.

"మీ జీపీ డాక్టరుకు చెప్పావా?"

"చెప్పానే. కడుపులో వేడి చేసింది, ఆవకాయ మానేశానన్నాను. మగ డాక్టరు. రక్తమని ఎలా చెప్పమంటావే?"

వేడి చేయడమంటే ఆ ఐరిష్ డాక్టరుకేం తెలుస్తుంది? తొందరేం లేదని రాసి, పేగు లోపల కెమెరా పరీక్షకు పంపాడు. అక్కడికక్కడే ఆస్పత్రికి ఫోన్ చేశాను. అవతలి ఆవిడ మొదట అడిగింది జబ్బేమిటని కాదు, "పబ్లికా, ప్రైవేటా?" అని. పబ్లిక్, అంటే సర్కారు ఖర్చే, అన్నాను. నెలలు పట్టొచ్చంది. ప్రైవేటైతే, అంటే ఇన్సూరెన్సో సొంత డబ్బో ఉంటే, వచ్చే వారమేనట!

మా సూపర్‌వైజరుకు ఇదే పరీక్ష వారం తిరక్కుండా అయిపోయింది. అతనికి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, లేబర్ ఏజెన్సీ పంపిన కాంట్రాక్టు వాళ్లం కాబట్టి మాకు లేదు. ఇన్ని నెలలుగా రక్తమంటే ఏదైనా కావచ్చు. ఎవరికి ఇన్సూరెన్స్ ఉందో కనుక్కుని వస్తుందా క్యాన్సర్? పైగా రోజంతా మా చేతులు డబ్బాల్లో సర్దేది దాని మందే.

"ఊరుకోవే, ఐ యామ్ గ్రాండ్" అని, బాగానే ఉన్నానని ఇక్కడి వాళ్లు అనే మాటే అని నవ్వింది అక్క. ఆ నవ్వుకు ఇంకా మండింది.

రేపు జీపీ దగ్గరికి నేనూ వెళ్తాను. వేడి అన్న మాటే రానివ్వను. రక్తమని నేనే చెప్తాను, అర్జెంటని రాసేదాకా కుర్చీలోంచి లేవను. ఆ తర్వాత కూడా ఆస్పత్రి వాళ్లు అదే ప్రశ్న అడిగితే...

"నువ్వలా చెప్తే సిగ్గుతో చచ్చిపోతానే" అంది అక్క, ఈ మాట చెప్పగానే.

సిగ్గుతో ఎవరూ చావరక్కా. వరసలో నిలబడి చస్తారు.