ఊపిరి ఆగిన చోట

నా కందిరీగకి అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ నేను ప్రాణాలతో బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనే తలుస్తానని రాయడం అలవాటు, ఈసారి అలా రాయలేకపోతున్నాను. ఉత్తరం ఇంటికి పంపకుండా నువ్వు పనిచేసే లైబ్రరీకి పిన్ని చేతికిచ్చి పంపాను. నీ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో నాకు తెలుసు. కంగారుపడకుండా చివరిదాకా చదువు, పిన్ని కూర్చుంటుంది.

పిన్ని మోకాలు ఎలా ఉందని అడిగావు. నొప్పి తగ్గింది, సణుగుడు తగ్గలేదు. నా కళ్లజోడు వచ్చిందా అన్నావు. వచ్చింది. పెట్టుకుంటే ఇంట్లో దుమ్మంతా కనిపిస్తోంది, లేనప్పుడే సుఖంగా ఉండేది.

పని ఎలా సాగుతోందనీ అడిగావు. గది మూసేసి పది రోజులైంది. బల్ల మీది దుప్పటి మడతపెట్టి, నూనె సీసాలు అట్టపెట్టెలో సర్దేశాను. ఇక మనుషుల ఒంటి మీద చెయ్యి వెయ్యను.

నా పని నీకు కొత్త కాదు. నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి పీల్చమంటాను, ఎనిమిది లెక్కపెట్టేదాకా వదలమంటాను, వదిలేటప్పుడు అరచేత్తో నొక్కుతాను. ఊపిరి ఎక్కడ ఆగిపోతే అక్కడ మనిషి ఏదో దాచుకున్నట్టని నాకు నేర్పినావిడ చెప్పింది. అది అబద్ధం కాదు. గడియారాలు బాగుచేసే పెద్దాయన, భార్య పోయిన ఏడాదికి నా బల్ల మీదే మొదటిసారి ఏడ్చాడు, ఆ వారమంతా కంటినిండా నిద్రపోయానన్నాడు. అలాంటివాళ్లను చూసి చూసి, నా చేతికి తెలియనిది లేదనుకున్నాను. పొగరంటే అదే.

నెల కింద ఒక దర్జీ ఆవిడ వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. మొగుడే వెంటబెట్టుకుని వచ్చి, తలుపు బయట కుర్చీలో కూర్చున్నాడు. “ఏదో మనసులో పెట్టుకుని కుమిలిపోతోందండీ, ఊపిరి సరిగా ఆడట్లేదు. మీరే బయటికి తీయాలి,” అన్నాడు. ఎంత తెలిసినవాడో అని మురిసిపోయాను. ఆసుపత్రి వద్దని అతను, అక్కర్లేదని నేను. రోగి కోరిందీ వైద్యుడు చెప్పిందీ ఒకటే అంటారే, ఇక్కడ రోగిని ఎవరూ అడగనే లేదు.

ఆవిడకి కుడి పక్కన ఊపిరి ఆగేది. నొక్కితే ఏడ్చేది. అక్కడ కమిలిన మచ్చ చూసి అడిగితే కుట్టుమిషను బల్ల తగిలిందంది, నమ్మాను. మూడోసారి వచ్చినప్పుడు “నొప్పిగా ఉందండీ,” అంది. బయటికి వచ్చేటప్పుడు నొప్పిగానే ఉంటుందమ్మా, వదిలెయ్ అన్నాను. ఆవిడ ఊపిరి వదిలింది. నేను నొక్కాను. నా అరచేతి కింద ఏదో లోపలికి కుంగింది.

పక్కటెముకలు రెండు అంతకుముందే విరిగి ఉన్నాయట. ఒకటి ఊపిరితిత్తిలో గుచ్చుకుంది. నాలుగో రోజు ఆవిడ పోయింది. నొప్పి అని మీకు చెప్పలేదా అని డాక్టరు అడిగాడు. చెప్పిందన్నాను. ఎముకలు విరగ్గొట్టినవాడు ఇప్పుడు నా చేతులే చంపాయని అందరికీ చెబుతున్నాడు. అందులో సగం నిజం. పోలీస్ స్టేషన్లో ఆ సగం దాచకుండా రాసిచ్చాను. ఊరు దాటొద్దన్నారు, లేకపోతే పిన్ని బదులు నేనే వచ్చేదాన్ని.

ఇక నీ ఉత్తరం. నిన్న అందింది. ఎడమ పక్కన ఊపిరి పట్టేసినట్టుందనీ, పడుకోవడంలో తేడా వచ్చి ఉంటుందనీ, ఎంతసేపు పీల్చి ఎంతసేపు వదలాలో మరిచిపోయాననీ రాశావు.

పోయినసారి వచ్చినప్పుడు నిన్నూ ఆ బల్ల మీదే పడుకోబెట్టాను. అల్లుడు కూడా బయట కుర్చీలోనే కూర్చున్నాడు. ఎడమ పక్క నొక్కగానే ఒళ్లంతా బిగబట్టి, “అమ్మా, నొప్పి,” అన్నావు.

“నొప్పి కాదే అది, మీ నాన్న. పోయి రెండేళ్లయినా ఆయన్ని లోపలే దాచుకున్నావు. ఏడువు,” అన్నాను.

నువ్వు నా ముఖంలోకి ఒక్క క్షణం చూశావు. తర్వాత కళ్లు మూసుకుని ఏడ్చావు. నా బిడ్డ దుఃఖం నా చేత్తో తీశానని ఆ సాయంత్రం పిన్నితో గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు నాకు చెప్పడానికే వచ్చావు తల్లీ. చెప్పావు కూడా. నీ నొప్పిని చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టేసి, నిన్ను మళ్లీ అల్లుడి వెంటే పంపాను.

లెక్క చెప్పను. ఏ లెక్కా వద్దు, ఎవరినీ నీ పక్క నొక్కనివ్వకు. ఇప్పుడే పిన్నితో ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకో. ఇంటికి వెళ్లి బట్టలు సర్దుకుంటానని అనకు, కట్టుబట్టలతో వచ్చెయ్. ఎక్కడ నొప్పి అని డాక్టరు అడుగుతాడు. నాకు చెప్పినట్టే చెప్పు.

ఇట్లు,
నువ్వు చెబితే కాదన్న
అమ్మ