అందరి పేర్లూ ఎక్కించిన పిల్లకు సీటు ఇప్పించుట గురించి

విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్ గారి సముఖమునకు,
గౌలిపుర నివాసి, విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయురాలు ఆండాలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మనుమరాలు పూజితకు బి.ఎస్సీ.లో ప్రవేశం కోరుట.

1. పాతబస్తీ ఆడపిల్లలను డిగ్రీలో చేర్పించుటకై తమ విశ్వవిద్యాలయం వారు శాలిబండలోని ఒక ఫంక్షన్ హాలులో మూడు రోజులు శిబిరం నడిపారు. పూజిత తన దరఖాస్తు కోసం మొదటి రోజే వెళ్ళింది. అక్కడ తల్లులు ఉర్దూలో అడుగుతున్నారు, తమ సిబ్బందికి అర్థం కావడం లేదు. ఈ పిల్లకు రెండు భాషలూ వచ్చని చూసి శిబిరం అధికారి గోవర్ధన్ గారు వాళ్ళ దరఖాస్తులు ఎక్కించమని కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

2. "సార్, నాది గూడ ఎక్కించుకోనా?" అని అది రోజూ అడిగింది. "నువ్వు మన పిల్లవే గదమ్మా, ఫికర్ జెయ్యకు. నీది ఆఖర్ల నేనే జూస్కుంట. ముందుగాల గీ లైన్ సంగతి జూడు" అన్నారు. మూడో రోజు ఆ లైను అయిపోయేసరికి గడువు కూడా అయిపోయింది.

3. సీటు సంగతి అడగబోతే, శిబిరంలో సాయపడినందుకని ప్రశంసాపత్రం ఇచ్చారు. ప్రవేశానికి అది పనికిరాదట. మరి దేనికి పనికివస్తుందో తెలియజేయ ప్రార్థన.

4. శిబిరంలో తీసిన పూజిత ఫోటోతో "మీ గడపకే విశ్వవిద్యాలయం" అని బస్టాపు దగ్గర బ్యానరు కట్టారు. మా దుకాణంలో పాలు పోయించుకునేవారు "మస్తు ఖుషీ అయింది, మీ పిల్లకు సీటొచ్చింది గద!" అంటున్నారు. పిల్ల అటు పోవడమే మానేసింది. ఇంట్లో అన్నం దగ్గర కూడా తల ఎత్తడం లేదు.

5. దాని తండ్రి, నా కొడుకు రవీందర్, "ఇగ చాలమ్మా, పాల దుకాణంల కూసోమను" అంటున్నాడు. బడిలో పాఠాలు చెప్పినదాన్ని. ఒక్క ఏడాదికని చదువు మాని కూర్చున్న పిల్లలు మళ్ళీ లేవకపోవడం చూసినదాన్ని.

సీట్లు ఇంకా ఉన్నాయని తమ కార్యాలయంలోనే చెప్పారు. ఆలస్యం పిల్లది కాదు. కనుక దరఖాస్తు స్వీకరించమని అడుగుతున్నాను. దయ చూపమని కాదు.

పై సంగతులు చిత్తగించి, ప్రవేశాలు ముగిసేలోగా జవాబు దయచేయవలెను.

తమ విధేయురాలు,
ఆండాలు

తా.క.: ఇది కవరులో పెడుతుండగా గోవర్ధన్ గారే మా ఇంటికి వచ్చారు. వచ్చే ఏడాది చేరే పిల్లల కోసం మొఘల్‌పురాలో శిబిరమట, పూజిత కావాలట. పిల్ల ఇంట్లో లేదని గుమ్మంలోనే చెప్పాను. అది లోపలినుంచి చున్నీ సర్దుకుంటూ వచ్చింది. "ఏం మొఖం వెట్టుకొని పోతవే?" అన్నాను. "నేను బోకుంటే గా అమ్మలకు ఎవలు జెప్తరు నానమ్మా?" అని వెళ్ళిపోయింది. ఆ మాటకు జవాబు తమకు తోస్తే ఆ పిల్లకే చెప్పండి.